సగటు, చెదురు, దూరం: జనసమూహాల జీవభేదాలపై పరిశోధన
(సి.ఆర్. రావు స్మృతిలో చేసిన ఉపన్యాసం)

రెండు జనసమూహాల మధ్య తేడా ఎంత అన్న ప్రశ్నకు ఇరవయ్యో శతాబ్దం మొదటి పాదం గడిచేదాకా నమ్మదగిన జవాబు లేదు. కొలతలకు కొదవ లేదు. తల పొడవు, ముక్కు వెడల్పు, నిలువెత్తు, ఇవన్నీ కాగితాల మీద గుట్టలు పడి ఉన్నాయి. ఆ గుట్టల్లోంచి ఏం చెప్పవచ్చో, ఏం చెప్పకూడదో తేల్చే లెక్క లేదు. ఆ లెక్క కలకత్తాలో పుట్టింది. దాన్ని పెంచి పెద్దచేసిన వాళ్లలో ముందువరసలోని మనిషి ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితం చదువుకున్న కల్యంపూడి రాధాకృష్ణారావు.

అంతకుముందు కథ సభకు తెలిసినదే. బ్రిటిష్ అధికారి రిస్లీ 1891లో బెంగాల్ తెగల, కులాల గ్రంథం వేశాడు, 1901 జనాభా లెక్కలకు కమిషనర్‌గా కూర్చున్నాడు, ముక్కు ఎంత వెడల్పైతే సంఘంలో హోదా అంత తక్కువని సూత్రం కట్టాడు. దక్షిణాదిలో థర్‌స్టన్ మద్రాసు మ్యూజియంలో కూర్చుని కొలతలు తీసి, 1909లో రంగాచారితో కలిసి ఏడు సంపుటాలు తెచ్చాడు. 1931 జనాభా లెక్కల సందర్భంగా బి.ఎస్. గుహ మరో జాతి వర్గీకరణ చేశాడు. ఈ పట్టికలు పాఠ్యపుస్తకాల్లో ఇంకా సాగుతూనే ఉన్నాయి. వాటి మీద ఇంతకన్నా కాలం ఖర్చుపెట్టనక్కరలేదు. వాటి లోపం మాత్రం చెప్పుకోవాలి: అవి సగటులను పోల్చాయి, సగటు చుట్టూ ఉన్న చెదురును పట్టించుకోలేదు. రెండు సమూహాల ఎత్తు సగటుల్లో రెండు సెంటీమీటర్ల తేడా ఉందనుకుందాం. ఒక్కో సమూహం లోపలే మనిషికీ మనిషికీ పది, పదిహేను సెంటీమీటర్లు తేడా వస్తుంటే ఆ రెండు సెంటీమీటర్లు మనిషిని గుర్తుపట్టడానికి దాదాపు పనికిరావు.

1920లో నాగపూర్ సైన్సు కాంగ్రెస్‌లో జంతుశాస్త్రజ్ఞుడు నెల్సన్ అనన్‌డేల్, భౌతికశాస్త్రం చెప్పే ప్రశాంతచంద్ర మహలనోబిస్‌కు తన దగ్గరున్న ఆంగ్లో-ఇండియన్ల కొలతలు చూడమని అప్పజెప్పాడు. కలకత్తాలోని రెండు వందల మంది మగవాళ్ల కొలతలవి. ఆ పని మీద 1922లో మొదటి వ్యాసం వచ్చింది. తర్వాత మహలనోబిస్ రిస్లీ కొలతలనే తిరగేశాడు. 1925లో బెంగాల్ జాతిమిశ్రమం మీద ఆయన తేల్చిన విషయం రిస్లీ సూత్రానికి పెద్ద దెబ్బ. బెంగాలీ బ్రాహ్మణులు ఇతర రాష్ట్రాల బ్రాహ్మణులకన్నా బెంగాల్లోని తక్కిన కులాలకే దేహలక్షణాల్లో దగ్గరగా ఉన్నారు. కులం పేరుకన్నా ఉన్న నేల ఎక్కువ చెప్పింది.

ఆ రోజుల్లో గణాంకశాస్త్రంలో లండన్‌లోని కార్ల్ పియర్సన్ మాటకు తిరుగులేదు. ఆయన ‘జాతి సామ్య గుణకం’ అన్న కొలమానాన్ని వాడేవాడు. దానికి రెండు జబ్బులు. ఒకటి, కొలిచిన మనుషుల సంఖ్య పెరిగితే గుణకమూ పెరుగుతుంది. అంటే అది తేడా ఉందా లేదా అన్నదానికి సాక్ష్యం మాత్రమే, తేడా పరిమాణం కాదు. రెండోది మరీ ముఖ్యం. మనిషి కొలతలు ఒకదానితో ఒకటి ముడిపడి ఉంటాయి. నిలువెత్తు ఎక్కువైనవాడికి కూర్చున్న ఎత్తూ సాధారణంగా ఎక్కువే. రెండింటినీ విడివిడిగా కలుపుకుంటే ఒకే తేడాను రెండుసార్లు లెక్కించినట్టు. మహలనోబిస్ 1930లో ఈ జబ్బులకు మందు చెప్పడం మొదలుపెట్టి, 1936లో దానికి పూర్తి రూపమిచ్చాడు. సమూహాల లోపలి చెదురునే కొలబద్దగా తీసుకుని, కొలతల మధ్య సహసంబంధాన్ని తీసివేసి, సగటుల మధ్య దూరం చెప్పే ఆ సంఖ్యే ‘డి-స్క్వేర్’. దాని సంభావ్యతా సూత్రాలను ఆర్.సి. బోస్, ఎస్.ఎన్. రాయ్ సాధించారు.

రావు 1941 జనవరిలో భారత గణాంకశాస్త్ర సంస్థలో అడుగుపెట్టాడు. అదే సంవత్సరం మానవశాస్త్రజ్ఞుడు డి.ఎన్. మజుందార్ సంయుక్త పరగణాల్లో (నేటి ఉత్తరప్రదేశ్‌లో) ఇరవైకి పైగా కులాల, తెగల వాళ్లను కొలిచాడు. ఆ కొలతలను లెక్కకట్టే బరువు రావు మీద పడింది. యంత్రమంటే చేత్తో తిప్పే కాలిక్యులేటరే. తొమ్మిది కొలతలకు ఒకదానితో ఒకటి సహసంబంధాలు కట్టి, ప్రతి జంట సమూహాల మధ్య దూరం తీయాలి. జంటలు వందల్లో ఉన్నాయి. మహలనోబిస్, మజుందార్, రావు ముగ్గురి పేర ఆ నివేదిక 1949లో ‘సాంఖ్య’ పత్రికలో రెండు వందల పేజీలు దాటి అచ్చయింది. దాన్ని చదవకుండా కులానికీ దేహానికీ సంబంధం గురించి మాట్లాడేవాళ్లు ఇప్పటికీ కనిపిస్తారు. అది తీరని లోటు. సమూహాలు గుత్తులుగా ఏర్పడతాయని, గుత్తికీ గుత్తికీ మధ్య గీత మాత్రం పదునుగా ఉండదని ఆ పుటలు అంకెలతో చూపాయి.

ఆ శ్రమలోంచే సిద్ధాంతం కూడా పుట్టింది. 1945లో కలకత్తా గణిత సమాజం పత్రికలో రావు ప్రచురించిన వ్యాసాన్ని అంచనాల కచ్చితత్వానికి హద్దు చెప్పిన వ్యాసంగా లోకం గుర్తుపెట్టుకుంది. అదే వ్యాసంలో సంభావ్యతా విభాజనాల మధ్య దూరాన్ని జ్యామితిగా చూసే ఆలోచన కూడా ఉంది. అప్పటికి ఆయనకు దాదాపు ఇరవై అయిదేళ్లు. 1946లో కేంబ్రిడ్జి నుంచి పిలుపు వచ్చింది. హెన్రీ వెల్‌కమ్ తవ్వకాల్లో సూడాన్‌లోని జెబెల్ మోయా దగ్గర దొరికిన అస్థిపంజరాలను డి-స్క్వేర్‌తో పరిశీలించాలి. ఎముకల మధ్య పగలు పనిచేస్తూ, గణాంకశాస్త్రజ్ఞుడు ఆర్.ఎ. ఫిషర్ దగ్గర 1948లో డాక్టరేటు పూర్తిచేశాడు. ఆ ఏడాదే లండన్ రాయల్ స్టాటిస్టికల్ సొసైటీ ముందుంచిన వ్యాసంలో ఒక మనిషిని ఏ సమూహంలో చేర్చాలో తేల్చే పద్ధతి చెప్పాడు, ఎటూ తేల్చలేని సందేహ మండలానికీ అందులో చోటిచ్చాడు. కొందరిని ఎందులోనూ చేర్చకపోవడమే సరైన జవాబని ఒప్పుకున్న గణితమది. తర్వాతి తరాలు ఎక్కువగా మరిచిపోయింది దీన్నే.

ఒక పాత తగవును ఇక్కడే విప్పి చెప్పాలి. 1972లో జన్యుశాస్త్రజ్ఞుడు రిచర్డ్ లెవాంటిన్ పదిహేడు జన్యుస్థానాలు తీసుకుని, మానవ వైవిధ్యంలో దాదాపు 85 శాతం ఒక్కో జనాభా లోపలే ఉందని, ‘జాతుల’ మధ్య ఉన్నది సుమారు 6 శాతమేనని లెక్కగట్టాడు. కాబట్టి జాతి వర్గీకరణకు జన్యుపరంగా విలువ లేదన్నాడు. 2003లో ఫిషర్ శిష్యుడు ఎ.డబ్ల్యు.ఎఫ్. ఎడ్వర్డ్స్ దాన్ని ‘లెవాంటిన్ భ్రాంతి’ అని పేరుపెట్టి ఖండించాడు. ఒక్కో స్థానం విడిగా ఏమీ చెప్పకపోయినా, అనేక స్థానాల సహసంబంధాన్ని కలిపి చూస్తే మనిషి ఏ జనాభా నుంచి వచ్చాడో చెప్పవచ్చన్నది ఆయన వాదం. అప్పటి నుంచి రెండు పక్షాలు. ఒకరు 85 శాతాన్ని చూపి సమూహభేదమే లేదంటారు. ఇంకొకరు ఎడ్వర్డ్స్‌ను చూపి పాత జాతులకు ప్రాణం పోస్తారు.

రెండు పక్షాలదీ తప్పే. ఎడ్వర్డ్స్ చెప్పిన గణితం నిజం. కానీ అది కొత్త సంగతి కాదు. ఒక కొలతలో కలిసిపోయే సమూహాలు తొమ్మిది కొలతల్లో విడిపోతాయని సంయుక్త పరగణాల నివేదిక అర్ధశతాబ్దం ముందే చూపింది. పాశ్చాత్య పాఠ్యగ్రంథాలు ఆ ఊసెత్తకుండా ఈ చర్చను నడిపించడం అన్యాయం. లెవాంటిన్ లెక్క కూడా నిజమే. వైవిధ్యాన్ని సమూహాల లోపలికీ మధ్యకూ పంచి చూపే పద్ధతికి 1982లో రావే సాధారణ సిద్ధాంతం కట్టాడు. అంటే ఈ తగవులోని రెండు పనిముట్లూ ఆయన చేతిలో ఒకేసారి ఉన్నాయి, వాటి మధ్య ఆయనకు ఏ విరోధమూ కనిపించలేదు. ఒకటి మనిషి ఎక్కడివాడో ఊహించడానికి పనికొస్తుంది. మరొకటి తేడా ఎంతో చెబుతుంది. చాలా జన్యుస్థానాలు వెతికి మనిషి ఊరు చెప్పగలిగినంత మాత్రాన అతని గుండె గురించి, చక్కెర గురించి ఏమీ చెప్పినట్టు కాదు. వర్గీకరణకు పనికొచ్చే స్థానాలు వేరు, రోగాన్ని తెచ్చేవి వేరు. ఈ తేడా మరిచిన ప్రతి వ్యాసమూ రోగికి చేటు చేస్తుంది.

రక్తవర్గాల యుగాన్ని రెండు మాటల్లో దాటవచ్చు. మొదటి ప్రపంచయుద్ధంలో సలోనికా దగ్గర సైనికుల రక్తాన్ని పరీక్షించి హిర్ష్‌ఫెల్డ్ దంపతులు 1919లో ప్రచురించిన పట్టికతో అది మొదలైంది. భారత సైనికుల్లో బి వర్గం ఎక్కువని తేలింది. తర్వాత పట్టికల మీద పట్టికలు వచ్చాయి, ఆలోచన మాత్రం పెద్దగా సాగలేదు.

కొడవలి కణాల (సికిల్ సెల్) కథ వేరు. 1952లో లేమన్, కట్‌బుష్ నీలగిరి గిరిజనుల్లో ఆ కణాలను కనుగొన్నారు. 1954లో తూర్పు ఆఫ్రికా నుంచి ఆలిసన్, ఆ జన్యువు ఒక్క ప్రతి మాత్రమే ఉన్నవాళ్లకు మలేరియా నుంచి రక్షణ ఉంటుందని చూపించాడు. అంతదాకా నల్లజాతి జబ్బుగా చెలామణీ అయినది దోమ జబ్బుకు జవాబుగా అర్థమైంది. మన ఏజెన్సీ ప్రాంతాల్లో, ఆదిలాబాద్ అడవుల్లో అది కనిపించడానికి కారణం తెగ పేరు కాదు, తరాల తరబడి మలేరియా నడిచిన నేల.

1957లో జన్యుశాస్త్రజ్ఞుడు జె.బి.ఎస్. హాల్డేన్ కలకత్తాలోని భారత గణాంకశాస్త్ర సంస్థకు వచ్చాడు. పిఠాపురానికి చెందిన ద్రోణంరాజు కృష్ణారావు ఆయన శిష్యుడై, ఆంధ్రదేశంలో మేనరికాల మీద, ముఖ్యంగా మేనమామ-మేనకోడళ్ల పెళ్లిళ్ల మీద పనిచేశాడు. ఇక్కడ ప్రశ్న జాతి గురించి కాదు, పెళ్లి ఆచారం గురించి. ఉమ్మడి పూర్వీకుడి ఒక్క లోపజన్యువు రెండువైపుల నుంచీ ఒకే బిడ్డకు చేరే అవకాశం ఎంత అన్నదే లెక్క.

సమయం మించుతున్నందున మిగిలినవి సంగ్రహంగా. పుణెలో యాజ్ఞిక్ బృందం, మన పిల్లలు ఇంగ్లండు పిల్లలకన్నా తక్కువ బరువుతో పుట్టినా చర్మం కింది కొవ్వు మాత్రం అంతగా తగ్గదని చూపించింది. 2004లో ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు ఆసియా జనాభాలకు శరీర ద్రవ్యరాశి సూచిక 23 నుంచే జాగ్రత్త అవసరమన్నారు. 2009లో హైదరాబాద్ సీసీఎంబీ నుంచి లాల్జీ సింగ్, తంగరాజ్, బోస్టన్ నుంచి రైక్ బృందం కలిసి 25 సమూహాల 132 మంది జన్యువులను పరిశీలించి, భారతీయుల్లో రెండు ప్రాచీన మూలాల మిశ్రమాన్ని గుర్తించారు. 2017లో 263 దక్షిణాసియా సమూహాలను చూస్తే, 81 సమూహాలు కొద్దిమంది పూర్వీకుల నుంచే వచ్చినట్టు, అదీ ఫిన్లాండ్ వాళ్లకన్నా, అష్కెనాజీ యూదులకన్నా తీవ్రంగా ఉన్నట్టు తేలింది. వైశ్యుల్లో బ్యూటిరిల్ కోలినెస్టరేజ్ లోపం ఇతరులకన్నా సుమారు వంద రెట్లు ఎక్కువన్నది ఆ కోవలోదే. లోపం ఉన్న రోగికి సక్సినైల్ కోలిన్ ఇస్తే కండరాలు తేరుకోవడానికి గంటలు పడుతుంది, అందాకా వెంటిలేటర్ మీద ఉంచాలి. మత్తు డాక్టర్లు రోగిని కులం అడగడం ఆ భయంతోనే. కానీ ఆ ఎంజైమును రక్తపరీక్షలో నేరుగా కొలవవచ్చు, వైశ్యేతరుల్లోనూ లోపం ఉన్నవాళ్లు ఉన్నారు.

నేరుగా కొలవకుండా సమూహం పేరును నమ్ముకుంటే ఏమవుతుందో ఇంకోచోట కూడా కనిపించింది. అమెరికాలో మూత్రపిండాల పనితీరు అంచనాకట్టే సూత్రంలో నల్లవారికి వేరే గుణకం పెట్టడం వల్ల, వాళ్ల జబ్బు తక్కువగా కనిపించి మార్పిడి జాబితాలో చేరడం ఆలస్యమయ్యేది. 2021లో ఆ గుణకాన్ని తీసేసి సూత్రాన్ని తిరిగి కట్టారు. మన దేశంలో 2023 జులైలో సికిల్ సెల్ నిర్మూలనకు జాతీయ కార్యక్రమం మొదలైంది. ఆ ఆగస్టులోనే రావు 102 ఏళ్ల వయసులో అమెరికాలో కన్నుమూశారు. పది వేల మంది భారతీయుల జన్యుక్రమాల సమాచారాన్ని 2025 జనవరిలో ఫరీదాబాద్ కేంద్రం నుంచి పరిశోధకులకు అందుబాటులోకి తెచ్చారు. ఏయే సమూహాల నుంచి ఎందరిని తీసుకున్నారు, ఒక్కో సమూహం లోపలి చెదురును పట్టడానికి అంతమంది చాలుతారా అన్న ప్రశ్న ఆ సమాచారాన్ని వాడేవాళ్లందరూ వేసుకోవలసినదే.