బొక్కల సాక్ష్యం

(ప్రాణహిత గోదావరిలో కలిసే దిక్కున ఒక దళితవాడలో, రాత్రి సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ గోనెసంచి మీద పెట్టిన బొక్కలను చూసి కొందరు నవ్వుతున్నరు. సభకు దండలు తెస్తరు గాని, ఈ సారు గొడ్డు కాలు బొక్కలు తెచ్చిండేందని. పాఠం చెప్పేటందుకే తెచ్చినం.

2018లో కేంద్ర మంత్రి ఒకరు డార్విన్ చెప్పింది తప్పన్నరు. కోతి మనిషయింది చూసినట్టు మన పూర్వీకులెవరూ చెప్పలేదన్నరు. 2023లో ఎన్‌సీఈఆర్‌టీ పదో తరగతి సైన్సు పుస్తకంలోంచి జీవపరిణామం పాఠం తీసేసింది. ఇది తగదని 1800 మందికి పైగా శాస్త్రవేత్తలు, టీచర్లు సంతకాలు పెట్టిండ్రు. కూలి రేటు గురించి, భూమి గురించి మాట్లాడాల్సిన సభలో ఈ పాఠం గొడవ మనకెందుకు?

ఎందుకో చెప్తం. పుట్టుకలోనే ఎక్కువ తక్కువలున్నయని ఈ దేశంలో తరతరాలుగా చెప్తున్నరు. పురుషసూక్తం లెక్కన ఒకరిది నోరు, ఒకరివి భుజాలు, ఒకరివి తొడలు, శూద్రులది పాదం. మాల మాదిగలకు ఆ పాదంల కూడా జాగ దొరకలే. ఆ మాటకు సాక్ష్యమేదని అడిగితే చూపేది ఏమీ లేదు. మేము చెప్పే మాటకు సాక్ష్యం ఈ సంచి మీద ఉన్నది.

మా అయ్య లంద కాడ పని చేసిండు. చచ్చిన గొడ్డును కోసి, తోలు ఒలిచి, తంగేడు చెక్క నీళ్లల్ల నానబెట్టేటోడు. మా ఇంట్ల మొదట డిగ్రీ చదివింది మేమే. కాలేజీల జంతువుల పాఠం చెప్తూ బోర్డు మీద బొక్కల బొమ్మ గీస్తే, ఇంగ్లీషు పేర్లు మాకు కొత్తవి గాని బొక్కలు పాతవే. ఊరు ఏ పనిని చూసి ముక్కు మూసుకున్నదో, ఆ పనిలోనే ఇంత శాస్త్రం ఉన్నదని ఆనాడు తెలిసింది.

చూడుండ్రి. ఇది ఎద్దు ముందుకాలు. పైన ఒక్క బొక్క. దాని కింద రెండు బొక్కలు, ఒకదానికొకటి అతికినయి, అతికిన గీత కనబడుతున్నది. దాని కింద గులకరాళ్ల తీరు చిన్న బొక్కలు. తర్వాత ఈ పొడుగు బొక్క. దీని మీద నిలువునా గాడి ఉన్నది, చేతితో తడిమి చూడుండ్రి. ఎందుకున్నది గాడి? ఇది ఒకటి కాదు, రెండు బొక్కలు కలిసి ఒకటైంది. అందుకే కొసకు రెండు గిట్టలు. వెనక వేలాడే రెండు చిన్న గిట్టలు నేలకు ఆనవు, పనికి రావు. మరి ఎందుకున్నయి? పంది కాలు చూస్తే తెలుస్తది. దానికి నాలుగు వేళ్లూ ఇంకా ఉన్నయి.

ఇప్పుడు మీ చెయ్యి పట్టి చూసుకోండ్రి. భుజం నుంచి మోచెయ్యి దాకా ఒక్కటి, మోచెయ్యి కింద రెండు, మణికట్టు కాడ చిన్నవి, తర్వాత వేళ్లు. కోడి రెక్క తిన్నోళ్లకు తెలుసు, అందుల కూడా అదే వరుస. గబ్బిలం రెక్కల, ఉడుము కాలుల అదే వరుస.

వడ్ల అన్న బండి చక్రానికి ఒక తీరు చెక్కుతడు, నాగలికి ఇంకో తీరు చెక్కుతడు. ఎగిరేదానికి, ఉరికేదానికి, కొడవలి పట్టేదానికి ఒకే వరుస ఎందుకుండాలె? కొత్తగ ఎవరూ చెక్కలేదు గనుక. తాత కట్టిన ఇంటినే మనుమలు మార్చుకున్నట్టు, పాత కాలునే ఒక్కో బతుకు ఒక్కో తీరుగ మార్చుకున్నది. ఎద్దు, కోడి, గబ్బిలం, మనం అందరం పాలోళ్లం. కోతి మన తాత కాదు. కోతికీ మనకూ తాత ఒక్కడే.

ఎవరు చూసిండ్రు అంటరా? మన నేల చూసింది. బాయి తవ్వినోళ్లకు తెలుసు, కింది పొర ముందు పడ్డది, పై పొర తర్వాత పడ్డది. మన దిక్కున సింగరేణి బొగ్గు కింద ఉన్నది. దాని మీది పొరల్లో ఒకటి ఆసిఫాబాదు దిక్కు మలేరి ఊరి పేరు మీద మలేరి పొర, వయసు 22 కోట్ల ఏండ్ల పైమాట. దాని మీద ధర్మారం పొర. ఆపైన, ప్రాణహిత అవతల సిరొంచ దిక్కు ఊరి పేరుతో కోట పొర, సుమారు 18 కోట్ల ఏండ్లది.

మలేరి పొరలో ఎక్సెరెటోడాన్ అనే జంతువు దొరికింది. 1982లో శంకర్ చటర్జీ దాని గురించి రాసిండ్రు. బల్లికి పండ్లన్నీ దాదాపు ఒకే తీరు. దీనికి మనలెక్క ముందు పండ్లు వేరు, కోరలు వేరు, నమిలే పండ్లు వేరు. కింది దవడ మాత్రం ఇంకా పాత తీరు, ఒక్క బొక్క కాదు. వెనకున్న చిన్న బొక్కలు కుంచించుకపోతున్నయి. అవి ఎటు పోయినయి? మన చెవిలకు వచ్చినయి. బల్లికి, కోడికి చెవిలో ఒక్క బొక్క. మేకకు, మనకు మూడు. తల్లి కడుపులో బిడ్డ పెరిగేటప్పుడు ఆ మూడింటిలో ఒకటి మొదట దవడకు అతుక్కొనే ఉంటది, తర్వాత విడిపోతది. పాత సంగతి బిడ్డ ఒంట్లో ఇంకా రాసే ఉన్నది.

పైనున్న కోట పొరలో యామనపల్లి కాడ పెద్ద రాక్షసబల్లి బొక్కలు కుప్పగా దొరికినయి. 1988లో యాదగిరి గారు దానికి కోటసారస్ యామనపల్లియెన్సిస్ అని పేరు పెట్టిండ్రు. హైదరాబాదు బిర్లా మ్యూజియంలో దాన్ని నిలబెట్టిండ్రు. అదే కోట పొరలో, పిల్లలకు పాలిచ్చే జాతికి చెందిన చిన్న జంతువు పన్ను దొరికింది. 1981లో దానికి కోటథీరియం హాల్డేని అని పేరు పెట్టిండ్రు. కింద దవడ మారుతున్న జంతువు, పైన పాలిచ్చే జంతువు. వరుస తప్పలేదు.

హాల్డేన్ ఎవరు? ఇంగ్లండులో పెద్దింట పుట్టిన జీవశాస్త్రవేత్త. 1957లో మన దేశం వచ్చి, ఈ దేశ పౌరుడై, 1964లో చనిపోయిండు. చచ్చినంక తన శవాన్ని కోసి పిల్లలు నేర్చుకోవాలెనని కాకినాడ రంగరాయ మెడికల్ కాలేజీకి రాసిచ్చిండు. శవాన్ని కోసి నేర్చుకుంటే అక్కడ డాక్టరు చదువు. మా అయ్య గొడ్డును కోస్తే ఇక్కడ అంటు. తేడా కత్తిలో లేదు, కులంలో ఉన్నది.

ఒక జాగ్రత్త. బలమున్నోడే బతుకుతడు, కులాలు ప్రకృతి పెట్టినయే అని ఇదే శాస్త్రాన్ని మన మీదికి తిప్పేటోళ్లున్నరు. పరిణామం నిచ్చెన కాదు, చెట్టు. చెట్టుకు కొమ్మలుంటయి గాని మెట్లుండవు. మనుషులం కొమ్మలం కూడా కాదు, అందరం ఒక్క కొమ్మకు ఆకులం. అంబేడ్కర్ 1948లో ‘ది అన్‌టచబుల్స్’ పుస్తకంలో ముక్కు కొలతల లెక్కలు ముందట పెట్టి, బ్రాహ్మణులు, అంటరానివాళ్లు వేరు జాతులన్న మాట నిలవదని చూపిండ్రు.

పుస్తకంలోంచి పాఠం తీసేస్తే మనం వాడలో చెప్పుకుందాం. సంఘం అన్నలు ప్రతి వాడలో ఒక ఆదివారం ఇట్లనే గోనెసంచి పరవాలె. పక్కన ముసలోళ్లను కూసోబెట్టాలె, బొక్కలు వాళ్లకు తెలిసినంత సారుకు తెలువది. ఏ బొక్క ఏ పని చేస్తదో తాత చెప్పాలె, పిల్లలు దాని పేరు రాయాలె. ఎవరన్నా మీ పుట్టుక తక్కువదంటే చెయ్యి చాపి చూపుండ్రి. ఒక్కటి, రెండు, చిన్నవి, వేళ్లు. నీది లెక్కబెట్టి చూపమనుండ్రి.

జై భీమ్.