జాడీలోని సరకు



నేడు నేను మాటలాడబోవు విషయము కంప్యూటరునకు సంబంధించినది. ఆ పేరు వినగానే ఇది మనుమలకు విడిచిపెట్టవలసిన సంగతియని పెద్దలు కొందరు తలత్రిప్పుకొందురు. కొంచెము ఓపిక పట్టుడు. నేను చెప్పబోవునది చాలవరకు గాదె, జాడీ, పొయ్యిలో నిప్పు, వీనివంటి మాటయే.

1993వ సంవత్సరము ఆగస్టులో అమెరికాలో ఇయాన్ మర్డాక్ అను విద్యార్థి డెబియన్ అను కార్యమును ప్రకటించెను. తన పేరును, తాను పిదప వివాహమాడిన డెబ్రా పేరును కలిపి దానికి ఆ పేరు పెట్టెను. కంప్యూటరును నడపు లినక్సునకు తోడుగా వేలకొలది ప్రోగ్రాములను సమకూర్చి, ఒకదానితో నొకటి పొసగునట్లు సరిచూచి, ఎల్లరకును వెల లేకుండ నిచ్చుట వారి పని. దానికి యజమాని లేడు. పనిచేయువారికి ఆ సంస్థ జీతమీయదు. దేశదేశముల సేవకులు తమ తీరిక వేళలలో చేయుచున్నారు. పోతన 2000, వేమన 2000 అను తెలుగు అక్షరముల అచ్చులు కూడ ఆ గాదెలో చేరినవని చెప్పిన మీరు సంతోషింతురు.

ఆ సేవకులలో నేనొక చిన్నవాడను. జావా అను భాషలో వ్రాసిన ప్రోగ్రాములను మూటలు కట్టుట నా వంతు. 1995లో సన్ మైక్రోసిస్టమ్స్ వారు వెలువరించిన భాష యిది. చాలకాలము దానిని నడపు యంత్రాంగపు మూలము అందరి చేతికి చిక్కలేదు. 2006 నవంబరులో ఆ కంపెనీవారు దానిని విడుదల చేయుదుమని ప్రకటించి, 2007లో చాలవరకు నెరవేర్చిరి. ఈ భాషలో సిద్ధపరచిన సరకును కట్టియుంచు ఫైలునకు జార్ అని పేరు. ఇంగ్లీషులో ఆ మాటకు జాడీ యని యర్థము. మన యావకాయ జాడీయే యనుకొనుడు.

జావా వ్రాయువారికి ఒక అలవాటు కలదు. మేవెన్ అను పనిముట్టును పిలిచి, నాకీ పని కావలెనన్నచో, అది ఇంటర్నెట్టు మీదుగా దూరపు కొట్టుకు పోయి కావలసిన జాడీలన్నిటిని తెచ్చి ముందుంచును. ఎంతో సుఖము. ఎవరు పెట్టిన యూరగాయో, అందులో నేమి పడినదో అడుగువాడు లేడు. డెబియన్ వారి నియమము దీనికి సరిగా ఎదురు. ప్రతి జాడీలోని సరకును దాని మూలమునుండి మన యింటనే, మన గాదెలో నున్న దినుసులతోనే తయారుచేయవలెను. ఆ తయారీ జరుగు యంత్రమునకు ఇంటర్నెట్టు త్రోవ మూసివేయుదురు. ఒక ప్రోగ్రామునకు పది కావలెను. ఆ పదింటికి ముప్పది కావలెను. మేవెనును తయారుచేయుటకే మేవెన్ కావలసివచ్చును. పూర్వము ఆరిన పొయ్యికి పొరుగింటి నిప్పు తెచ్చుకొనెడివారము గదా, మొదటిసారి అట్లే తెచ్చుకొని, పిదప మన నిప్పునే కాపాడుకొనవలెను. గ్రేడిల్ అను మరియొక పనిముట్టు విషయములో ఆ నిప్పు దొరకుట కష్టమైనది. దాని తరువాతి కూర్పులకు కాట్లిన్ అను వేరొక భాష కావలసివచ్చెను. ఆ కాట్లినును తయారుచేయుటకు కాట్లినే కావలెను. కావున 2017 డిసెంబరునాటి గ్రేడిల్ కూర్పే 2023 జూనులో వెలువడిన పండ్రెండవ డెబియనులోను మిగిలినది.

ఇక నా సంగతి. 2020లో, చూచువారు లేక విడువబడిన ఒక చిన్న జావా మూటను నేను చేపట్టితిని. దానిపై మరి రెండు ప్రోగ్రాములు ఆధారపడియుండెను. లోన వెదకగా, మూలము లేని జాడీ యొకటి బయటపడినది. నాకు ముందువారెవరును దానిని చూడలేదు. కర్తకు వ్రాసితిని. బదులు లేదు. మరల వ్రాసితిని. గడువు వచ్చినది. 2021 ఆగస్టున పదునొకండవ డెబియన్ వెలువడినప్పుడు నా మూటయు, ఆ రెండు ప్రోగ్రాములును అందులో లేవు.

కొన్ని వారములకు పరదేశపు బడిపంతులొకరు నాకు వ్రాసిరి. తమ పాఠశాల పుస్తకముల పట్టికను పదియేండ్లుగా ఆ ప్రోగ్రాములలో నొకదానితో నడుపుకొనుచుండిరట. నియమము మీది, నష్టము మాది యని ముగించిరి. నాకా రాత్రి నిద్ర రాలేదు. నియమమును నేనేర్పరచలేదు గాని, తలుపు మూసిన చేయి నాదే.

ఆ డిసెంబరులోనే లాగ్ ఫోర్ జె అను జావా మూటలోని లోపము లోకమునకు తెలిసినది. ఏ యంత్రము ఏమి చేయుచున్నదో చిట్టా వ్రాయుట దాని పని. ఆ చిట్టాలోనికి పోవునట్లు దుర్మార్గుడెవడైన ఒక పంక్తి పంపినచో, యంత్రము వాని యాజ్ఞకు లోబడెడిది. డెబియనులో అది ఒక్క చోటనే యుండెను. కొలది దినములలో సవరించిరి, మరికొన్ని లోపములు కనబడగా మరల సవరించిరి. బయటనో, జాడీలలో జాడీలుగా దాగిన నకళ్ళను వెదకలేక కంపెనీలవారు పండుగ దినములలో నానాయాతనలు పడిరి.

నా మూలము లేని జాడీని నేనును తెరచి చూచితిని. అందులో లాగ్ ఫోర్ జె లేదు. ఉండియున్న కథ చక్కగా కుదిరెడిది గాని, లేదు. ఏనాటిదో తెలియని మరియొక మూట నకలు మాత్రము అడుగున కనబడినది. దానిని అట్లే పంపనందుకు అప్పుడు కొంత నిమ్మళించితిని. పంతులుగారి మాట మాత్రము అబద్ధము కాలేదు.

2022 వేసవిలో కర్త పాత డిస్కునుండి సగము మూలము వెదకి పంపెను. తక్కిన సగమును నేను రాత్రులు కూర్చుండి క్రొత్తగా వ్రాసితిని. పండ్రెండవ డెబియనులో నా మూటయు, ఆ రెండు ప్రోగ్రాములును మరల చేరినవి. ఆ దినముననే పంతులుగారికి వ్రాసితిని. తాము పట్టికను వేరొకచోటికి మార్చుకొంటిమనియు, అందుకు ఒక సెలవు కాలమంతయు పట్టినదనియు, ఐనను తెలిపినందుకు వందనములనియు రెండు పంక్తులలో బదులు వచ్చినది.

సెలవు.