పంక్తి వెలుపల పంక్తి



ఈ సాయంకాలము జపాను దేశపు భోజనశాలలలో ఒక తెగను గూర్చి మీతో ముచ్చటింపదలచితిని. ఆ యంగళ్లలో వడ్డించు వంటకమునకు రామెన్ అని పేరు. పరదేశపు తిండితో మనకేమి పని యని మీలో కొందఱకు తోచవచ్చును. అయితే అట్టి యంగడిలో నేను కూర్చున్న యిరువది నిమిషములలో, పంక్తిభోజనమునుగూర్చి చిన్ననాటినుండి నేనెఱిగిన మర్యాద యొకటి తలక్రిందయ్యెను. ఆ కథ చెప్పుటయే నా యుద్దేశము.

మొదట వంటకమును వర్ణించెదను. రామెన్ అనగా లోతుగిన్నెలో వేడిపులుసు, అందులో గోధుమపిండి పోగులు, పైని మాంసపు ముక్కలు, ఉల్లికాడలు, ఊరవేసిన వెదురుమొలకలు. పోగులు చూచుటకు మన సేమ్యావలె నుండును గాని, పిండి కలుపునప్పుడు మనము అప్పడముల పిండిలో వేయు క్షారమువంటి క్షారజలమును అందులో చేర్తురు. దానివలన పోగులకు పసుపువన్నెయు, సాగుడును, కొఱికినప్పుడు కొంత బిఱుసును కలుగును. పులుసును పంది యెముకలతోను, కోడి యెముకలతోను, ఎండుచేపలతోను గంటలకొలది కాచుదురు. కావున మీలో శాకాహారులకు ఇది తగినది కాదు. టోకియోవంటి పట్టణములలో కూరగాయలతోను, నువ్వులతోను శాకాహారపు రామెన్ చేయు అంగళ్లు కొన్ని లేకపోలేదు; అడిగి తెలిసికొని పోవలయును.

ఈ వంటకమునకు మూలము చీనాదేశము. యొకొహామా రేవుపట్టణమున కాపురముండిన చీనావారి వీధులనుండి ఇది జపానువారికి పరిచితమయ్యెను. 1910వ సంవత్సరమున ఓజకి కన్యిచి యను నతడు టోకియోలోని అసకుసా పేటలో రైరైకెన్ అను నంగడిని తెఱచి, యొకొహామానుండి చీనా వంటవారిని రప్పించి, సామాన్యజనులకు ఈ తిండిని చౌకగా పెట్టెను. 1945లో రెండవ ప్రపంచయుద్ధము ముగిసిన పిదప జపానులో బియ్యము కఱవయ్యెను. అమెరికానుండి గోధుమలు వచ్చెను. వీధులలో బండ్లపై పోగుల పులుసు అమ్మువారు ప్రబలిరి. ఒసాకాలో అట్టి బండియొద్ద చలిలో వరుసదీరి నిలిచిన జనమును అందో మొమొఫుకు అను నతడు చూచెను. ఆ దృశ్యమును మఱువక, అతడు 1958లో వేడినీరు పోసినంతనే సిద్ధమగు ఎండు రామెన్‌ను కనిపెట్టెను. నేడు మన పల్లెలలోని కిరాణాకొట్లలో బిడ్డలు కొనుక్కొను నూడుల్సు పొట్లములు ఆ వంశములోనివే. దీనినిబట్టి చూడగా రామెన్ మొదటినుండియు ఆకలిగొని వరుసలో నిలిచినవాని తిండి యని తెలియుచున్నది.

మా మేనల్లుడొకడు టోకియోలో నుద్యోగము చేయుచున్నాడు. నేను వానిని చూడబోయినపుడు, ఒకనాటి మధ్యాహ్నము వాడు నన్నొక పేరుపడ్డ రామెన్ అంగడికి తీసికొనిపోయెను. పదునొకండు గంటలకే యంగడి యెదుట ఇరువదిమంది నిలిచియుండిరి. కచేరీ యుద్యోగులు, కట్టడపు పనివారు, విద్యార్థులు, తల నెరసిన ముదుసలులు, అందఱును గోడవెంబడి ఒకరి వెనుక నొకరుగా నుండిరి. ఎవరును త్రోసికొనలేదు. నేను ఫలానావాడనని చెప్పుకొని ముందునకు పోయినవారును లేరు. మేము చివర నిలిచితిమి. మా వంతు వచ్చుసరికి ముప్పావుగంట గడచెను.

ద్వారముకడ నొక యంత్రమున్నది. దానిలో డబ్బువేసి, కోరిన వంటకమునకు గుర్తయిన మీటను నొక్కినచో చిన్న టిక్కెట్టు వెలువడును. దానిని వంటవాని యెదుట నుంచవలెను. వండు చేయి డబ్బును ముట్టనక్కఱలేదు. బేరమును, బాకియు లేవు. లోపల ఒక పొడవైన బల్ల, దాని కీవల పండ్రెండు పీటలు, ఆవల పొయ్యి. తినువాడు వంటవానిని, వంటవాడు తినువానిని చూచుచునే యుందురు. మంచినీరు ఎవరికి వారే పోసికొందురు. పీటల వెనుక, గోడకానుకొని, తరువాతి వంతువారు నిలిచియుందురు.

ఆనాడు మేము తిన్నది త్సుకెమెన్ అను నొక భేదము. ఉడికిన పోగులను చన్నీట కడిగి వార్చి వేఱుగిన్నెలో పెట్టిరి. పులుసు మఱియొక చిన్నగిన్నెలో వచ్చెను. పోగులను పుల్లలతో పట్టి, పులుసులో ముంచి తినవలెను. ఆ పులుసు నాలుకకు తగిలినప్పుడు నాకాశ్చర్యము కలిగెను. అందులో తీపి యున్నది, పులుపున్నది, కారమున్నది. మన యింట బెల్లము వేసి కాచు చింతపండు పులుసు జ్ఞాపకమునకు వచ్చెను. విచారింపగా వారు వాడునది చక్కెరయు, వినిగరును, ఎండుమిరపకారమును అని తెలిసెను.

నా కిరువైపుల వారును పోగులను పెద్దచప్పుడుతో జుఱ్ఱుచుండిరి. ఆ దేశమున పోగులు తినునప్పుడు చప్పుడు చేయుట తప్పు కాదు. గాలితో కూడ లోనికి పీల్చుటచే వేడి తగ్గును, వాసన ముక్కునకు చక్కగా తెలియును. మన పెద్దలు పాయసమును దొప్పలో పోసికొని జుఱ్ఱిన చప్పుడు విన్నవానికి అది యంత క్రొత్తగా తోచదు. మాటలు మాత్రము ఆ యంగడిలో మిక్కిలి తక్కువ. పోగులైన పిదప, మిగిలిన చిక్కని పులుసులో వేడిరసము పోయించుకొని పలుచజేసి త్రాగుదురు. మన భోజనమునకు మజ్జిగ యెట్టిదో ఈ భోజనమునకు ఆ రసము అట్టిది.

నా గిన్నె ఖాళీ యయ్యెను. మేనల్లునిదియు నయ్యెను. నేను కదలక కూర్చుంటిని. నా ప్రక్కను ఎనుబదియేండ్ల వృద్ధుడొకడు మెల్లగా తినుచుండెను. పంక్తిలో పెద్దవారు లేవకముందు లేవరాదని మా తాతగారు నేర్పిన పాఠము. ఎంగిలిచేయి యెండిపోయినను, మజ్జిగ పోసికొను చివరివాడు ముగించువఱకు విస్తరిముందు కూర్చుండి పెరిగినవాడను నేను. ఇంతలో మేనల్లుడు నా మోచేతిని తాకి, మెల్లగా "మామయ్యా, లేవండి" అనెను.

"పెద్దాయన యింకను తినుచున్నాడు కదరా! లేచుట తప్పు కాదా?" అంటిని.

"ఇక్కడ కూర్చుండుటయే తప్పు, మామయ్యా. మన పంక్తి గోడకడ నిలిచియున్నది, వెనుకకు చూడండి" అని వాడనెను.

వెనుకకు చూచితిని. నా పీటకొఱకు నిలిచినవాడు బట్టలకు సున్నపుమరకలున్న పనివాడు. అతని మొగమున కోపము లేదు, తొందరపాటును లేదు. అయితే అతనికి దొరకిన విరామము గంటయో, అంతకు తక్కువయో. అందులో సగము నిలువుకాళ్లమీదనే పోయినది. నా మర్యాద మఱికొన్ని నిమిషములను తినుచున్నది. సిగ్గుపడి లేచితిని. ఇతరులు చేసినట్లే నా గిన్నెలను బల్లపై గల మెట్టుమీద పెట్టి, నేనున్నచోటును అచటి గుడ్డతో తుడిచితిని. మేనల్లుడు వంటవానివైపు తిరిగి "గోచిసోసమా" అనెను. నేనును అంటిని.

ఆ మాటకు అర్థమును త్రోవలో అడిగితిని. అందులోని మూలపదమునకు పరుగులెత్తుట యని యర్థమట. అతిథికి భోజనము సమకూర్చుటకై గృహస్థుడు అటునిటు పరుగెత్తిన శ్రమను తలచి, తిన్నవాడు పలుకు కృతజ్ఞత యది. మనము చేయి కడుగుకొని "అన్నదాతా సుఖీభవ" అనుటలేదా? వారును డబ్బిచ్చి తినియు ఆ మాటను విడువరు. వెల యిచ్చినంతమాత్రమున ఋణము తీరలేదని వారి భావమని నాకు తోచినది.

జపానులో దక్షిణమున ఫుకువోకా యను పట్టణము కలదు. అచ్చటి నాగహామా చేపలబజారువారు తొందరలో నుందురు గనుక, త్వరగా నుడుకు సన్నని పోగులు వాడుక యయ్యెను. సన్ననిపోగులు పులుసులో ఎక్కువసేపున్న మెత్తబడును. అందుచే మొదట కొంచెమే పెట్టి, చాలనివానికి మిగిలిన పులుసులోనే మరల పోగులు వేయు పద్ధతి ఏర్పడెను. దీనికి కాయెదామా యని పేరు. మాఱు వడ్డన యన్నమాట. నిలిచినవాని కాలమును, కూర్చున్నవాని యాకలిని రెంటిని కాచిన యేర్పాటిది.

ఇక మేము తిన్న త్సుకెమెన్‌కు మూలపురుషుని కథ వినుడు. ఆయన పేరు యమగిషి కజువో. 1934లో నాగనో మండలమున జన్మించి, యౌవనముననే టోకియో చేరి రామెన్ అంగడిలో పనికి కుదిరెను. పోగులు వార్చు జల్లెడలలో మిగిలినవాటిని పారవేయక, ఒక చిన్నగిన్నెలోని పులుసులో ముంచుకొని తినుట ఆ పనివారి వాడుక. దానిని చూచిన యొక గిరాకి తనకును అది కావలెనని అడిగెనట. యమగిషి దాని రుచిని సవరించి, 1955లో అమ్మకమునకు పెట్టెను. మిగిలినదానిని పాఱవేయని పొదుపునుండి ఒక దేశమంతయు మెచ్చిన వంటకము పుట్టెను.

ఆయన 1961లో హిగాషి ఇకెబుకురో అను చోట, భార్యతో కలిసి తాయిషోకెన్ అను పేర సొంతయంగడి తెఱచెను. పీటలు కొలది, పెట్టు పోగులు మాత్రము పుష్కలము. అంగడిచుట్టును వరుస తిరిగెడిది. 1986లో భార్య గతించగా ఆయన విరక్తుడై కొన్నినెలలు తలుపు మూసెను. గిరాకీలు మరల తెఱువుమని వేడుకొనగా తిరిగి పొయ్యి వెలిగించెను. ఏండ్లతరబడి నిలిచి వండుటచే మోకాళ్లు చెడినను పని మానలేదు. విద్య నేర్పుమని వచ్చినవారికెల్ల నేర్పెను. తన పులుసు మర్మమును దాచలేదు. అంగడిపేరు వాడుకొన్నందుకు శిష్యులయొద్ద రుసుము కోరలేదు. నూర్గురికి పైబడిన శిష్యులు ఆ చేతినుండి వెడలి దేశమందంతట పొయ్యిలు పెట్టిరి. పేటను పడగొట్టి క్రొత్త కట్టడములు లేపుటకై 2007లో ఆ పాతయంగడి మూతపడినపుడు, కడపటిసారి తినుటకు వచ్చినవారి వరుస వీధులవెంట సాగెను. మఱుచటి యేడు ఒక శిష్యుడు దగ్గఱనే దానిని మరల తెఱచెను. యమగిషి 2015లో స్వర్గస్థుడయ్యెను. పులుసు ఇంకను మరుగుచునే యున్నది.

అయితే నేడు ఈ యంగళ్లకు కష్టకాలము వచ్చినది. గోధుమపిండి, పందిమాంసము, వంటచెఱకునకు బదులుగా వాడు గ్యాసు, కూలి, అన్నియు ప్రియమైనవి. గిన్నె వెల వేయి యెన్లు దాటినచో గిరాకి రాడను భయము అంగడివారిలో పాతుకొనిపోయినది. దానికి "వేయి యెన్ల గోడ" అని పేరు. మన నాణెములో అది 500, 600 రూపాయలగును. సామాన్యుని తిండికి అంతకన్న నెట్లడుగుదుమని వెల పెంపనివారు నష్టపడుచున్నారు. పెంచినవారు పాతగిరాకీల మొగములను చూడలేక బాధపడుచున్నారు. 2024లో దివాలా తీసిన రామెన్ అంగళ్లు మునుపెన్నడును లేనన్ని యని అచ్చటి పరిశోధనసంస్థలు లెక్కలు ప్రకటించినవి. వీనిలో పెక్కులు ఒక్కచేతిమీద నడచు చిన్నయంగళ్లు. శిష్యుడు లేని యంగడి మూతపడినచో దానితో ఆ పులుసును పోవును.

ఇప్పుడు మొదటి మాటకు వత్తును. పంక్తిలో లేవకుండుట మన మర్యాద. తిన్నవెంటనే లేచుట వారి మర్యాద. పైకి రెండును విరుద్ధములు. మనవారు ప్రక్కనున్నవాని గౌరవమును కాచిరి. వారు వెనుకనున్నవాని యాకలిని కాచిరి. మన పెండ్లిండ్లలోను రెండవ పంక్తివారు విస్తళ్ల వెనుక నిలిచియుండుట మీరెఱుగనిది కాదు. అప్పుడు తాంబూలము నములుచు కబుర్లతో కూర్చున్న పెద్దమనిషిని చూచి, వెనుకనున్నవాడు ఏమనుకొనునో నేను ఆ టోకియో యంగడికి పోవువఱకు ఆలోచింపలేదు.

యమగిషి నూర్గురికి విద్య చెప్పుటయు అట్టిదే యని నా యభిప్రాయము. తన పీటను విడిచి వెనుకవానికి చోటిచ్చినట్లే, తన చేతిమర్మమును విడిచి వెనుకతరమునకు ఇచ్చెను. మీలో ఊరగాయ పాళ్లు తెలిసినవారున్నారు. విత్తనము నిలువచేయు నేర్పు తెలిసినవారున్నారు. చెఱువు తూము ఎప్పు డెత్తవలెనో యెఱిగినవారున్నారు. నేర్చుకొనదలచినవాడు మీ వెనుక నిలిచియుండవచ్చును, మర్యాదచేత నోరు మెదపకుండవచ్చును. ఒక్కసారి వెనుకకు తిరిగి చూడుడు.