వాల్వు సాగుబాటును కాంతితో కొలుచుట

విద్యుత్కేంద్రములలో ఆవిరి పాఱు గొట్టములను తెఱచుటకును మూయుటకును వాల్వులుండును. గొట్టము గుండ్రని వస్తువు. లోపలి పీడనమునకు దాని గోడ ఎంత సాగునో కాగితముమీదనే లెక్క కట్టవచ్చును. వాల్వు బాడీ అట్టిది కాదు. పొట్ట ఉబ్బియుండును, మెడ నిలువుగా లేచియుండును, ఇరువైపుల ఫ్లాంజీలు, వానికి బోల్టులు. మెడయు పొట్టయు కలియు మూలలో బలములు గుమిగూడును. పగులు పుట్టునేని తఱచు అచ్చటనే పుట్టును.

కర్మాగారములలో వాల్వును నీటితో నింపి, నిర్ణీత పీడనమునకు ఒకటిన్నర రెట్లు ఎక్కించి, ఎచ్చటనైన చెమ్మ కారుచున్నదేమో చూతురు. కారనిచో వాల్వు నెగ్గినట్లే. మంచి పరీక్షయే. కాని కారకపోవుట వేఱు, సాగకపోవుట వేఱు. మూలలోని లోహము మరల యథాస్థితికి రానంతగా సాగియు, ఒక్క బొట్టైనను బయటికి రాకుండవచ్చును.

ఆ సాగుబాటు ఎంతటిదని శ్రోతలడుగవచ్చును. పోత ఉక్కులో ప్రతి చదరపు మిల్లీమీటరుకు 100 న్యూటన్ల లాగుడు కలిగినపుడు, 100 మిల్లీమీటర్ల పొడవు మిల్లీమీటరులో ఇరువదవ వంతు మాత్రమే పెరుగును. దీనిని కొలుచుటకు 1938 నుండి తీగ గేజీలు వచ్చినవి. అవి నమ్మదగినవే. అయినను గేజి తన్ను అంటించిన చోటును గూర్చియే చెప్పును. ఎచ్చట అంటించవలెనో మనకు ముందే తెలిసియుండవలెను.

1980ల నుండి పెంపొందిన పద్ధతి ఈ చిక్కును కొంత తీర్చినది. బాడీకి తెల్లరంగు పూసి, దానిపై నల్లని చుక్కలు చెదరునట్లు చిమ్ముదురు. రెండు కెమెరాలతో పీడనమునకు ముందొకసారి, పీడనమెక్కించిన పిదప ఒకసారి ఛాయాచిత్రములు తీయుదురు. ఏ చుక్కల గుంపు ఎంత జరిగెనో కంప్యూటరు పోల్చి చూచి, కనబడు ఉపరితలమంతటికిని సాగుబాటు పటమును గీయును.

ఆ రంగురంగుల పటములు మిక్కిలి ముచ్చటగా నుండును. అదియే ప్రమాదము. మేమొకప్పుడు పీడనమే ఎక్కింపక రెండు చిత్రములు తీసి పోల్చితిమి. ఫలితము సున్న రావలసియుండెను. కాని మేము కొలువదలచిన దానిలో మూడవ వంతు సాగుబాటు అందు కనబడెను! కారణమును వెదుకగా, పెద్ద దీపముల వేడికి కెమెరా ఎదుటి గాలి ఎండమావివలె కదలుచుండెనని తేలినది. దీపములను దూరముగా జరిపితిమి. నాటి నుండి ఆ శూన్య పరీక్ష చేయక ఏ పటమునకును సంతకము పెట్టుట మానితిమి.

మఱియొక లోపము కలదు; దానికి దీపము జరిపి ప్రయోజనము లేదు. కెమెరా చూచునది వెలుపలి ముఖమును మాత్రమే. మూలలోని తీవ్రమైన బలము తఱచుగా లోపలి వంపున నుండును. అచ్చటికి చూపు పోవుటకు పాత విద్యయే దిక్కు. నొక్కిన గాజు ధ్రువిత కాంతిలో రంగులీనునని బ్రూస్టరు 1816లో ప్రకటించెను. జర్మనీలో ఓపెల్ 1936లో దీనికొక చక్కని ఉపాయమును చేర్చెను. నేడు దానినిట్లు చేయుదురు. వాల్వు నమూనాను పారదర్శకమైన ఎపాక్సీతో పోసి, సుమారు 120 డిగ్రీల సెంటీగ్రేడు వేడిలో లోపలికి గాలిపీడనమెక్కించి, పీడనము తీయకయే మెల్లగా చల్లార్తురు. పిమ్మట పీడనమును తీసివేసినను ఆ బలముల గుర్తులు పదార్థములో పేరుకొని నిలిచియుండును. ఱంపముతో పలుచని బిళ్లలుగా కోసినను చెదరవు.

ఎపాక్సీ ఉక్కు కాదు. ఆ వేడిలో దాని స్వభావమును కొంత మాఱును. కనుక అంకెలను సవరించుకొనవలెను. కాని మెడమూల నుండి కోసిన బిళ్లను దీపము ముందు నిలిపినపుడు, వెలుపలి అంచున ఎడముగా నున్న చారలు లోపలి వంపు కడకు వచ్చుసరికి వెండ్రుకలవలె కిక్కిఱిసి కనబడును. నమూనా గీసినవారు దానిని చూచి ఆ వంపును మఱికొంత విశాలముగా గీయుదురు. మేము క్రొత్త నమూనాను మరల పొయ్యిలో పెట్టుదుము.