షుగరు బిళ్ళ, గ్యాసు మందు
(సంఘ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



షుగరు బిళ్ళలు ఉన్న ఇంట్లో వాటి పక్కనే గ్యాసు మందు సీసా కూడా కనబడుతుంది. రంజానులో ఇఫ్తారుకు మిర్చి బజ్జీలు, హలీము తింటాం. గుండెల్లో మంట రాగానే రెండు చెంచాలు తాగేస్తాం. ఈ రెండు మందులకూ ఉన్న లంకె గురించే నా నాలుగు మాటలు.

అలాంటి సీసాల్లో చాలావాటిలో మెగ్నీషియం హైడ్రాక్సైడు ఉంటుంది. గ్లిపిజైడు, గ్లిబెన్‌క్లమైడు బిళ్ళలు ఆమ్లంలో సరిగా కరగవు. కడుపులో ఆమ్లం విరిగిందా, గబగబా కరిగి రక్తంలో కలుస్తాయి. గ్లిపిజైడు విషయంలో ఫిన్లాండు పరిశోధకులు 1991లోనే ఈ సంగతి చూపించారు. బిళ్ళ అదే, దెబ్బ మాత్రం ఎక్కువ! చెమటలు, చేతుల వణుకు, తడబాటు కనిపిస్తే "రోజా నీరసంలెండి" అని పడుకోబెట్టకండి. షుగరు పడిపోయి ఉండవచ్చు. స్పృహలో ఉంటే వెంటనే చక్కెర నీళ్ళు తాగించండి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా ఆసుపత్రికి తీసుకుపోండి. డాక్టరుగారికి రెండు మందుల పేర్లూ చెప్పండి. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవారికి ఈ భయం తక్కువ.

ఇక ఒంట్లో మెగ్నీషియం తగ్గితే ఇన్సులిన్ సరిగా పనిచేయదు. షుగరు అదుపు తప్పితే అది మూత్రంలో పోతుంది. ఒమెప్రజోలు ఏళ్ళ తరబడి మింగినా తగ్గవచ్చు. అలాగని దుకాణంలో మెగ్నీషియం బిళ్ళలు కొనేయకండి. తోటకూర, పెసలు, రాగులు, వేరుశనగల్లో ఉంది. మూత్రపిండాలు దెబ్బతిన్నవారిలో మెగ్నీషియం బయటికిపోక పేరుకుంటుంది. వారు గ్యాసు మందు కూడా డాక్టరునడిగే తాగాలి.