మహమ్మారి నాడు పాలకులు, ప్రజలు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)



రజతోత్సవ సందర్భమున నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు నన్ను కోరిరి. గ్రంథములను గూర్చి చెప్పుటకు నాకన్న సమర్థులు ఈ వేదికపై ఉన్నారు. కావున పత్రికల బల్లచుట్టు కూర్చుండి మనము పలుమార్లు వాదించుకొనిన ఒక విషయమును ఎన్నుకొంటిని. మహమ్మారి వచ్చినప్పుడు పాలకుల ఆజ్ఞలను ప్రజలు ప్రశ్నింపవచ్చునా, లేక మారుమాటాడక శిరసావహింపవలెనా అనునదే ఆ విషయము.

ఈ ప్రశ్న మేడారమునకు కొత్తది కాదు. కరువు కాలమున కప్పము కట్టజాలమన్న పగిడిద్దరాజుపై కాకతీయ ప్రభువు దండెత్తెననియు, ఆ పోరులో సమ్మక్క సారలమ్మలు నేలకొరిగిరనియు పెద్దలు చెప్పుదురు. మనము గద్దెల కడ బంగారమని బెల్లము సమర్పించునది, ఆపదలో జనము పక్షమున నిలిచిన ఆ తల్లులకే కదా!

ఇక చట్టము మాట చూతము. 1896లో బొంబాయిలో ప్లేగు ప్రబలగా, మరుసటి యేట ఆంగ్ల ప్రభుత్వము అంటువ్యాధుల చట్టమును చేసినది. చట్టము మిక్కిలి చిన్నది. అది అధికారులకిచ్చిన అధికారము మిక్కిలి పెద్దది. పూనాలో సోదాల పేరిట సైనికులు ఇండ్లలో జొరబడిరి. జనము రోగులను దాచిపెట్టసాగిరి. ప్లేగు అధికారి రాండ్ హతుడయ్యెను. ప్రభుత్వ చర్యలను విమర్శించిన తిలక్ మహాశయుడు రాజద్రోహ నేరముపై కారాగారమున కేగెను. నమ్మకము పోయిన చోట మంచి వైద్యము సైతము పారదని ఆనాడే తేలినది. 2020లో కరోనా వచ్చినప్పుడు ప్రభుత్వములు ఆ పాత చట్టమును కూడ చేపట్టినవి.

ఆ యేడు ఫిబ్రవరి 5 మొదలు 8 వరకు మన జాతర జరిగినది. తెలంగాణమున తొలి కరోనా రోగిని మార్చి 2న గుర్తించిరి. మార్చి 24 రాత్రి 8 గంటలకు ప్రధానమంత్రి ప్రకటింపగా, అర్ధరాత్రి నుండి దేశమంతట లాక్‌డౌన్ అమలులోనికి వచ్చినది. మందు లేని వ్యాధికి ఎడముగా నుండుటయే మందు. దానిని నేను కాదనను. కాని ఇంటికడ నుండుడన్న ఆజ్ఞ, ఇల్లు దూరమైన వారిని తలచుకొనెనా? మన ములుగు సీమ మిరప చేలలో కూలికి వచ్చిన ఒక గిరిజన బాలిక, ఏప్రిల్ నెలలో ఛత్తీస్‌గఢ్‌లోని తన యూరికి అడవిదారిన నడచిపోవుచు, ఇల్లు చేరకమునుపే ప్రాణము విడిచినది. కరోనా ఆమెకు లేదని పరీక్షలో తేలినది. సోదరులారా! వ్యాధి లెక్కలలో ఆ బిడ్డ పేరు లేదు. ఏ లెక్కలో వ్రాయవలెనో మీరే చెప్పుడు.

ఇట్టి ప్రశ్నలు కొన్ని న్యాయస్థానమునకు పోయినవి. పరీక్షలు చాలవని 2020లో పలువురు తెలంగాణ హైకోర్టు నాశ్రయించిరి. పరీక్షలు నిబంధనల ప్రకారమే జరుగుచున్నవని ప్రభుత్వము వాదించినది. మృతదేహములకును పరీక్ష చేయవలెనని హైకోర్టు మే నెలలో ఆదేశింపగా, ఆ ఆదేశమును సుప్రీంకోర్టు జూన్‌లో నిలిపివేసినది. మరుసటి యేడు మే నెలలో ఆంధ్రప్రదేశ్ నుండి వచ్చు రోగుల అంబులెన్సులను సరిహద్దున ఆపిరి. హైదరాబాదు ఆసుపత్రులలో మంచములు చాలవన్నది ప్రభుత్వము చెప్పిన కారణము. ఆ ఉత్తర్వును హైకోర్టు మే 14న నిలిపివేసినది. ప్రశ్నించినవారే ప్రతిసారి గెలువలేదు. ప్రభుత్వమే ప్రతిసారి గెలువలేదు. వాదము బహిరంగముగా జరిగినందున ఎవరి కారణమేమో జనమునకు తెలిసినది. అదియే మేలు.

మన ఊరి మాటకు వత్తము. 2021లో చిన్న జాతర పిదప, ఆలయ సిబ్బందికి వ్యాధి సోకగా మార్చిలో గుడిని కొన్నాళ్లు మూసిరి. 2022 జనవరిలో రాష్ట్రమంతట బడులు మూసి, సభలను నిషేధించిరి. ఫిబ్రవరి 16 మొదలు 19 వరకు మహాజాతర జరిగినది. బడిలో ముప్పదిమంది పిల్లలు కూర్చుండరాదు గాని లక్షల జనము కూడవచ్చునా అని కొందరడిగిరి. రెండేండ్ల కొకసారి వచ్చు మొక్కును, దానినే నమ్ముకొనిన చిరువ్యాపారుల బ్రతుకును ఎట్లాపుదురని మరికొందరనిరి. ఇరువురిదియు న్యాయమైన మాటయే. టీకాలు ఎందరికి పడినవి, రోగము పెరుగుచున్నదా తరుగుచున్నదా, సమీప ఆసుపత్రిలో మంచములెన్ని — ఈ లెక్కలు ఎదుట నున్నప్పుడే ఆ వాదము తెగును. లేనిచో గొంతు పెద్దదైనవాని మాటయే నెగ్గును.

కావున నా మనవి ఇది. ఏ ఆజ్ఞ వచ్చినను మూడు ప్రశ్నలు అడుగుదము. దీనికి ఆధారమేమి? దీని భారము ఎవరిపై పడును? ఇది ఎన్నాళ్లు? సమాధానము చెప్పిన ప్రభుత్వమునకు మనస్ఫూర్తిగా లోబడుదము. అడుగుట వేరు, వదంతి పుట్టించుట వేరు. అడుగువాడు జవాబు వినుటకు నిలుచును, వదంతి నిలువదు.

ఇచ్చటనే గ్రంథాలయమునకు పని యున్నది. ఆపత్కాలమున ప్రభుత్వ ప్రకటనలను తేదీల వరుసన భద్రపరుపుడు. చదువురాని వారికి వారమున కొకనాడు చదివి వినిపింపుడు. కోయ గూడెములలో కోయభాషలోనే చెప్పుడు. మరొక మహమ్మారి రాదని ఎవరును మాట ఇయ్యజాలరు. వచ్చిననాడు మన ఊరివారు తెలిసి లోబడవలెను, తెలిసి ప్రశ్నింపవలెను. ఈ గ్రంథాలయము స్వర్ణోత్సవము జరుపుకొనునాటికి ఆ అలవాటు మనకు స్థిరపడుగాక!