రైలు దారి, మా అరుగు



కార్యదర్శిగారు నాకు పది నిమిషాలు ఇచ్చారు. ముప్పై నాలుగేళ్ళు నోట్‌ఫైళ్ళు రాసినవాణ్ణి, క్లుప్తంగా చెప్పటం నాకు రాదని వారికీ తెలుసు. అయినా ప్రయత్నిస్తాను.

ఎం.జి.బి.ఎస్. నుంచి చాంద్రాయణగుట్టకు వేసే మెట్రో రైలును దారుల్‌షిఫా, శాలిబండల మీదుగా కాకుండా మూసీ ఒడ్డున, బహదూర్‌పురా వైపుగా తిప్పమని ప్రభుత్వాన్ని కోరుతూ ఒక తీర్మానం మన ముందుకు వచ్చింది. నేను దానిని బలపరచటం లేదు. మా ఇల్లు శాలిబండ రోడ్డు మీదే ఉన్నదని మీలో చాలామందికి తెలుసు. సర్వేవారు వచ్చి మా అరుగు దాటి, ముందుగదిలో సగం దాకా కొలిచి గుర్తు పెట్టి వెళ్ళారు. మా నాన్నగారు సాయంత్రం పూట పడక్కుర్చీ వేసుకునే అరుగు అది. ఆ మాట ముందే చెబుతున్నాను, తరవాత ఎవరూ ఎత్తి చూపనక్కర లేకుండా.

దారి మార్చమనటం కొత్త కాదు. 2010లో ఒప్పందం జరిగినప్పుడు ఈ లైను జూబ్లీ బస్‌స్టేషను నుంచి ఫలక్‌నుమా దాకా ఉంది. 2014లో కొత్త ప్రభుత్వం వచ్చాక అసెంబ్లీ దగ్గర, సుల్తాన్ బజార్‌లో, పాతబస్తీలో మూడు చోట్లా దారి మార్చాలన్నారు. మొదటి రెండు చోట్లా చివరకు పాత గీత మీదనే రైలు నడిచింది. 2020 ఫిబ్రవరి 7న ఎం.జి.బి.ఎస్. దాకా వచ్చిన రైలు అక్కడే ఆగిపోయింది. మిగిలిన అయిదున్నర కిలోమీటర్లు ఫైల్లోనే ఉండిపోయాయి. ‘పరిశీలనలో ఉన్నది’ అని మనం రాసేవాళ్ళమే, ఆ మాట ఎన్నేళ్ళు నిలుస్తుందో మనకంటే తెలిసినవారెవరు?

మూసీ ఒడ్డు దారిలో కూల్చవలసినవి తక్కువ కావచ్చు. ఆ మాట నేను కాదనను. కాని రైలెక్కేవాడు ఎక్కడున్నాడు? హరిబౌలిలో, శాలిబండలో, అలియాబాద్‌లో ఉన్నాడు. నా బోటివాడు మోకాళ్ళ నొప్పులతో గాంధీ ఆసుపత్రికి పోవాలంటే ఇవాళ ఆటోలో ఎం.జి.బి.ఎస్. దాకా పోయి అక్కడ రైలెక్కాలి. శాలిబండలో స్టేషనుంటే ఎక్కిన బండి దిగకుండా గాంధీ ఆసుపత్రి స్టేషనులో దిగవచ్చు. స్టేషను మూసీ ఒడ్డున పెడితే మళ్ళీ ఆటో తప్పదు. ఇళ్ళు లేని చోట దారి తేలికగానే దొరుకుతుంది, మనుషులూ అంత తక్కువగానే దొరుకుతారు.

విమానాశ్రయం లైను సంగతీ చూడండి. 2022 డిసెంబరు 9న రాయదుర్గం దగ్గర శంకుస్థాపన జరిగింది. 31 కిలోమీటర్లు, 6,250 కోట్లు, అవుటర్ రింగు రోడ్డు పక్కగా పోయే దారి. ఏడాది తిరగకుండా ప్రభుత్వం మారింది, దారీ మారింది. నాగోలు, ఎల్.బి. నగర్, చాంద్రాయణగుట్టల మీదుగా 36.8 కిలోమీటర్లు అన్నారు. పొడుగు ఎక్కువే. కాని ఆ దారి పొడుగునా బస్సు కోసం నిలబడే జనం ఉన్నారు. దానితో పాటు మన పాతబస్తీ లైనును ఫలక్‌నుమా దగ్గర ఆపకుండా చాంద్రాయణగుట్ట దాకా, మొత్తం ఏడున్నర కిలోమీటర్లు చేశారు. అక్కడ రెండు లైన్లూ కలుస్తాయి. చివరి స్టేషను కావలసిన పేట ఇప్పుడు మధ్య స్టేషను అవుతుందన్నమాట. ఏ ప్రభుత్వం మంచిదన్న చర్చ ఇక్కడ వద్దు, టీ సమయంలో చూసుకుందాం.

ఇక మసీదులు, గుళ్ళు, అషుర్‌ఖానాలు. వాటిని తప్పించి స్తంభాలు వేస్తామని, చార్మినార్, సాలార్‌జంగ్ మ్యూజియంల పేర్లు పెట్టిన స్టేషన్లు ఆ కట్టడాలకు దాదాపు అర కిలోమీటరు దూరంలో ఉంటాయని అధికారులు చెప్పారు. ఆ మాట నిలిచేదాకా అడుగుతూ ఉండవలసిందే.

నా అసలు భయం మరొకటి. నేను కొన్నాళ్ళు భూసేకరణ సెక్షనులో యు.డి.సి.గా పనిచేశాను. అప్పుడు 1894 నాటి చట్టం. 4(1) నోటిఫికేషను, 5-ఎ విచారణ, 6 డిక్లరేషను, తరవాత అవార్డు. 1984 సవరణతో సొలేషియం 15 నుంచి 30 శాతానికి పెరిగితే లెక్కలన్నీ తిరగరాసింది మేమే. ఆ స్టేట్‌మెంట్లలో సర్వే నంబరుండేది, విస్తీర్ణముండేది, పట్టాదారు పేరుండేది. అద్దెకున్నవాడికి గడి లేదు. ఒక రోడ్డు వెడల్పులో సైకిళ్ళు బాగుచేసే మనిషి మూడు రోజులు వరుసగా నా బల్ల ముందు నిలబడ్డాడు. "నా పేరు ఎక్కడా లేదా సార్?" అని అడిగాడు. లేదన్నాను. రూలు ప్రకారం నేను చెప్పింది సరైనదే. నాలుగోరోజు రాలేదు.

2013 చట్టంలో సొలేషియం నూరు శాతమైంది. అంతకంటే పెద్ద మార్పు, మూడేళ్ళుగా అక్కడ పనిచేసుకుంటూ, దానిమీదే బతుకుతున్న అద్దెదారుకూ బాధిత కుటుంబంలో చోటిచ్చారు. కాగితం మీద గడి వచ్చింది. అది నింపేవాడు కావాలి.

మా ముందుగదిలో ఇరవై రెండేళ్ళుగా ఒక దర్జీ ఉన్నాడు. గజానికి 81,000 అన్నారు, 2025 జనవరి నుంచి చెక్కులు ఇవ్వటం మొదలుపెట్టారు. నా వాటా నాకు వస్తుంది. అతడి దగ్గర అద్దె చీటీలు లేవు, ఎందుకంటే నేను ఏనాడూ ఇవ్వలేదు. ముప్పై నాలుగేళ్ళు ఊరందరినీ రసీదు అడిగినవాణ్ణి, ఇంట్లో ఆ పని చెయ్యలేదు. మొన్న కూర్చుని అతడు ఎన్నేళ్ళుగా ఉన్నాడో, అద్దె ఎంతో రాసి సంతకం పెట్టి ఇచ్చాను. కరెంటు బిల్లులు కూడా జతచేశాను. అధికారులు ఒప్పుకుంటారో లేదో చూడాలి.

అందుచేత తీర్మానానికి నా సవరణ ఇది: ‘దారి మార్చవలెను’ అన్న వాక్యం తీసివేసి, ‘ఈ దారిలోని ప్రతి దుకాణంలో అద్దెకున్నవారి పేర్లు నమోదుచేసి, ఆ జాబితాను స్థానికంగా ప్రకటించవలెను’ అని చేర్చాలి. మన సభ్యులలో రెవెన్యూ వారున్నారు, సర్వే వారున్నారు. దరఖాస్తులు రాసిపెట్టటానికి వారానికి రెండు పూటలు కూర్చుంటే చాలు. మంగళ, శుక్రవారాలు నేను వస్తాను. గది పడగొట్టేదాకా మా అరుగు మీదే కూర్చోవచ్చు, నాలుగు కుర్చీలున్నాయి.

సవరణ ప్రతి కార్యదర్శిగారికి ఇచ్చాను.